కారే చుక్క, పొరుగు హక్కు

మృగశిర కార్తె ప్రవేశించడానికి ఇక కొద్ది వారాలే మిగిలి ఉన్నాయి. ఎండలు ముదిరిన ఈ రోజులలో వానను గురించి తలచుకొనేవారు అరుదు. కాని ఇంటి కప్పునూ, గోడలనూ బాగు చేసుకోవడానికి తగిన అదను ఇదే. పొడిగా ఉన్న గోడకే పూత పట్టుకుంటుంది. తడిసిన గోడకు ఎంత ఖరీదైన మందు పూసినా అది కొద్ది నెలలకే పొరలు పొరలుగా ఊడివస్తుంది. తొలకరి కురిసిన రాత్రి పడకలు మడిచి, గిన్నెలు పరచి, కారే చుక్కలను పట్టుకొనే కుటుంబాలు మన పాతబస్తీలో నేటికీ తక్కువేమీ కాదు. వారిని దృష్టిలో ఉంచుకొని ఈ నెల ఇంటిలోని లీకేజీలను గురించి ముచ్చటించదలచాము.

ధార్మిక పత్రికలో నల్లా వాషరు ప్రస్తావన ఎందుకని కొందరికి తోచవచ్చు. ఫిఖ్‌హ్ గ్రంథాలు సాధారణంగా పరిశుద్ధత ప్రకరణంతోనే, అంటే నీటి ప్రస్తావనతోనే మొదలవుతాయన్న సంగతి మదరసాలో అడుగుపెట్టిన ప్రతి విద్యార్థికీ తెలుసు. నీరు ధర్మానికి వెలుపలి విషయం కాదు. అంతకంటే ముఖ్యమైన మరొక కారణం కూడా ఉన్నది. మా వద్దకు తీర్పు కోరి వచ్చే కుటుంబ తగాదాలలో ఆస్తి పంపకాలకు సంబంధించినవి ఎన్నో, పై అంతస్తు నీరు కింది అంతస్తులోకి దిగిందన్న ఫిర్యాదుతో మొదలైనవీ దాదాపు అన్ని ఉంటాయి. కారేది నీరే. కాని ఆ నీటితోపాటు బంధుత్వాలు కూడా కొట్టుకొనిపోతున్నాయి.

ఒకరి ఇల్లు, మరొకరి గోడ

షాహ్‌అలీబండా, మొగల్‌పురా, యాకుత్‌పురా, హుసైనీ ఆలం వంటి మొహల్లాలలో ఇళ్లు ఒకదానినొకటి ఆనుకొని నిలబడి ఉంటాయి. తాతల నాడు ఒకే ఆవరణగా ఉన్న ఇల్లు తండ్రుల కాలంలో రెండు వాటాలై, పిల్లల కాలంలో నాలుగైనది. మధ్యలో లేచిన గోడ అటువారికీ ఇటువారికీ ఉమ్మడి. పాత మట్టి గోడపైనే కొత్త సిమెంటు అంతస్తు లేచినది. పడక గది ఉన్న చోటికి సరిగ్గా పైన స్నానాల గది వచ్చినది. పంపకాల దస్తావేజులో ప్రతి అడుగుకూ హద్దు రాసి ఉంటుంది. నీటికి ఆ హద్దులతో పని లేదు. పల్లం ఎటు ఉంటే అటు, సందు ఎక్కడ దొరికితే అక్కడికి చేరుతుంది.

అందువలన మన ఇంటిలో కారే చుక్కను మన సొంత వ్యవహారమని భావించి వదిలివేయడానికి వీలులేదు. పొరుగువారిని గురించి హజ్రత్ జిబ్రయీల్ (అలైహిస్సలాం) ఎంతగా తాకీదు చేస్తూ వచ్చారంటే, చివరికి వారిని వారసులుగా కూడా నిర్ణయిస్తారేమోనని తమకు అనిపించిందని దైవప్రవక్త ముహమ్మద్ (స) సెలవిచ్చిన సంగతి బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. అట్టి పొరుగువాని గోడ మన నీటితో నానుతూ ఉండగా, అతని పిల్లలు నెమ్ము వాసనలో నిద్రిస్తూ ఉండగా, మనం నిశ్చింతగా ఉండటం ఎంతవరకు సబబు?

మొదట మూలం తెలుసుకోవాలి

మరమ్మతులలో డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఒకే కారణం చేత. చెమ్మ కనిపించిన చోట పూత పూస్తారు, నీరు పుట్టిన చోటును వదిలేస్తారు. నీరు కడ్డీ వెంట, పైపు వెంట, స్లాబులోని సన్నని పగులు వెంట కొన్ని అడుగుల దూరం పయనించి ఆ తరువాత బయటపడుతుంది. కనుక మేస్త్రీని పిలవడానికి ముందు ఒక వారం రోజులు గమనించి, చెమ్మ ఎప్పుడు పెరుగుతున్నదో, ఎప్పుడు తగ్గుతున్నదో రాసి పెట్టుకోవాలి.

వాన పడినప్పుడు మాత్రమే చెమ్మ పెరిగితే కారణం కప్పులోనో, బయటి గోడ పగులులోనో ఉంటుంది. పైవారు స్నానం చేసిన కొద్దిసేపటికి పెరిగితే స్నానాల గది నేలలోనో, నీరు బయటకు పోయే గొట్టంలోనో లోపం ఉన్నదని గ్రహించాలి. వానతోనూ స్నానంతోనూ నిమిత్తం లేకుండా రాత్రింబగళ్లు ఒకే తీరుగా ఉంటే, ఎల్లప్పుడూ నీరు నిండి ఉండే టాంకీ పైపును అనుమానించాలి. నేల నుంచి మూడు నాలుగు అడుగుల ఎత్తు వరకు మాత్రమే గోడ నెమ్మెక్కి తెల్లని ఉప్పు పొడి రాలుతూ ఉంటే అది భూమిలోని తేమ పైకి పాకడం వలన కలిగినది. దానికి పైన వేసే రంగు ఎన్నటికీ మందు కాదు.

గోడలోపలి తేమా, గదిలోని గాలి తేమా తెలియక తికమకపడేవారికి ఒక తేలికైన పరీక్ష ఉన్నది. జానెడు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు గట్టిగా అంటించి రెండు రోజులు వదలండి. కాగితం లోపలి వైపు తడి చేరితే గోడలోనే నీరు ఉన్నట్లు. బయటి వైపు మాత్రమే తడి ఉంటే గదికి గాలి చాలడం లేదని అర్థం. అప్పుడు కావలసినది కిటికీ తెరవడమే.

ఒక హెచ్చరిక. చెమ్మగిల్లిన గోడపై స్విచ్చుబోర్డు ఉంటే మొదట మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. తడి చేతితో ఆ గోడను తాకనివ్వకండి. నీటి పని ఆ తరువాతనే.

నల్లా, వుజూఖానా

కారే నల్లాను మరింత గట్టిగా బిగించడం అందరికీ అలవాటు. దాని వలన లోపలి రబ్బరు వాషరు ఇంకా నలిగి లీకేజీ పెరుగుతుంది. సరియైన పద్ధతి ఇది. ముందుగా టాంకీ నుంచి వచ్చే గేటు వాల్వును మూసి, నల్లా తెరిచి పైపులో మిగిలిన నీటిని వదిలివేయాలి. నల్లా తలను పానాతో విప్పి, అరిగిన వాషరును తీసి, దానినే దుకాణానికి తీసుకొనిపోయి అదే కొలత గలది తెచ్చి అమర్చాలి. సగం తిప్పకుండానే తెరుచుకొనే కొత్త రకం నల్లాలలో వాషరు ఉండదు. వాటిలో లోపలి కార్ట్రిడ్జిని మొత్తంగా మార్చవలసి ఉంటుంది. వాషరు కూర్చొనే ఇత్తడి అంచు గుంటలు పడి ఉంటే ఎన్ని వాషర్లు మార్చినా ప్రయోజనం లేదు. నల్లానే మార్చాలి.

మరల వద్ద నీరు ఊరుతూ ఉంటే నల్లాను విప్పి, మరలను తుడిచి, తెల్లని టెఫ్లాన్ టేపును బిగించే దిశలోనే ఐదారు చుట్లు చుట్టి తిరిగి అమర్చాలి. ఎదురు దిశలో చుట్టిన టేపు బిగించేటప్పుడు ఊడిపోతుంది. పగిలిన పైపుపై ఎం-సీల్ వంటి ముద్దను అద్దడం రెండు రోజుల ఆసరా మాత్రమే. దెబ్బతిన్న ముక్కను కోసి కొత్తది అతికించడమే అసలు వైద్యం.

ఫ్లష్ టాంకీ లీకేజీ కంటికి కనిపించదు, చెవికి వినిపించదు. వంటింట్లోని జర్దా రంగును చిటికెడు ఆ టాంకీలో కలిపి, పావుగంట సేపు ఫ్లష్ చేయకుండా చూడండి. కమోడులో రంగు కనిపిస్తే లోపలి రబ్బరు మూత అరిగిపోయినదని గుర్తు. దానిని మార్చడానికి అయ్యే ఖర్చు స్వల్పం.

కారే నల్లా కింద ఒక చెంబు పెట్టి గంట తరువాత కొలవండి. పావు లీటరు నిండినదనుకుందాం. రోజుకు 6 లీటర్లు, సంవత్సరానికి 2,190 లీటర్లు. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారనీ, ఒక సాఅ్ నుంచి ఐదు ముద్‌ల వరకు నీటితో స్నానం చేసేవారనీ హజ్రత్ అనస్ (రజి) తెలిపిన హదీసు ప్రసిద్ధమైనది. ముద్ అంటే మధ్యస్థమైన మనిషి రెండు చేతుల దోసిలి నిండే కొలత. నేటి లెక్కలో సుమారు ముప్పావు లీటరు అనుకోవచ్చు. అంటే ఒక్క అరిగిన వాషరు రోజూ ఎనిమిది మంది వుజూకు చాలే నీటిని మురికి కాలువ పాలు చేస్తున్నది. మా మదరసాలో ప్రతి గురువారం అస్ర్ నమాజు తరువాత ఇద్దరు విద్యార్థులు వుజూఖానా నల్లాలన్నింటినీ ఒక్కొక్కటిగా మూసి పరీక్షిస్తారు. కారే నల్లాకు ఎర్ర గుడ్డ ముక్క కడతారు. శనివారానికి ఆ గుడ్డ విప్పగలిగితే పని జరిగినట్లు. మీ మొహల్లా మస్జిదులో కూడా ఈ పద్ధతిని ప్రవేశపెట్టవచ్చు.

నగరంలో 2021 జనవరిలో ఆరంభమైన పథకం ప్రకారం నెలకు 20,000 లీటర్ల వరకు నీరు ఉచితం. పేదలకు అది మేలే. కాని బిల్లు రాని ఇంటిలో లీకేజీ సంగతి చెప్పేవారే లేకుండా పోయారు. ఒకనాడు గండిపేట నీరు ఈ నగరం దాహం తీర్చేది. మూసీకి 1908లో వచ్చిన వరద తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్ అది. నేడు కృష్ణా, గోదావరి నదుల నీరు వంద కిలోమీటర్లకు పైబడిన దూరం నుంచి మోటార్ల సాయంతో ఎక్కి వస్తున్నది. వెల లేనంత మాత్రాన విలువ లేకుండా పోదు.

స్నానాల గది

అన్నదమ్ముల మధ్య తగవు పెట్టేది ఎక్కువగా ఈ గదే. నేల పలకలన్నీ పగలగొట్టడానికి ముందు ఒక పరీక్ష చేయాలి. నీరు పోయే రంధ్రాన్ని గుడ్డతో బిగించి, గదిలో రెండంగుళాల ఎత్తు నీరు నింపి, ఒక రోజంతా అలాగే ఉంచాలి. కింది కప్పులో చెమ్మ పెరిగితే లోపం నేలలోనే ఉన్నది. పెరగకపోతే గుడ్డ తీసి నీటిని వదలాలి. అప్పుడు చెమ్మ కనిపిస్తే లోపం నహానీ ట్రాపులోనో, దాని కింది గొట్టంలోనో ఉన్నట్లు తేలుతుంది. రెండు ఇళ్లవారూ కలిసి నిలబడి ఈ పరీక్ష చేస్తే అనుమానాలకూ ఆరోపణలకూ తావుండదు.

లోపం పలకల సందులలో ఉంటే, పాత సిమెంటును సన్నని పనిముట్టుతో గీకి తీసి, ధూళి తుడిచి, రెండు రోజులు ఆరనిచ్చి, తెల్ల సిమెంటుకు బదులు ఎపాక్సీ గ్రౌటు నింపాలి. నేలా గోడా కలిసే మూలలలోనూ, కమోడు చుట్టూ, నహానీ ట్రాపు అంచునా సిలికాన్ సీలెంటు పట్టించాలి. పాత సిలికాన్‌పై కొత్తది పూస్తే అతుక్కోదు. పాతది పూర్తిగా కోసి తీయాలి. సబ్బు నీటిలో తడిపిన వేలితో గీతను నునుపు చేసి, ఒక రోజు వరకు ఆ గదిలో నీరు వాడకూడదు. ఒకే స్నానాల గది ఉన్న ఇంటిలో ఇది కష్టమే. అటువంటప్పుడు కింది వాటావారు ఆ ఒక్క రోజు తమ గదిని ఇవ్వడం మంచి పొరుగుతనం.

హౌజు, నల్లా పైపు

ఇప్పుడు చెప్పబోయేది ప్రాణాలకు సంబంధించినది. మన బస్తీలలో నీరు ఇరవై నాలుగు గంటలూ రాదు. నీరు వదిలినప్పుడు పైపులో ఒత్తిడి ఉంటుంది కనుక లీకేజీ నుంచి నీరు బయటకు పోతుంది. నీరు ఆగిన తరువాత ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు అదే సందు గుండా చుట్టుపక్కల ఉన్న మురుగు లోపలికి చేరుతుంది. పైపుకు నేరుగా మోటారు బిగించి లాగేవారు ఆ మురుగును మరింత బలంగా లోపలికి పీలుస్తున్నారు. అది చట్టవిరుద్ధం. వీధిలోని పొరుగువారి వాటాను లాక్కోవడం కూడా. కలుషిత నీటి వలన 2009 మే నెలలో మన నగరంలోని భోలక్‌పూర్‌లో పలువురు మరణించిన విషాదాన్ని మరువరాదు.

హౌజును పరీక్షించడం సులభం. ఇషా నమాజు తరువాత మోటారు, నల్లాలు అన్నీ ఆపి, పొడి కర్రను హౌజులో ముంచి తడి ఎంతవరకు వచ్చిందో గీత పెట్టండి. ఫజ్ర్ వేళ మళ్లీ కొలవండి. ఆ రాత్రి నీటి సరఫరా లేని రాత్రి కావాలి. నీరు తగ్గితే హౌజు కారుతున్నది. పెరిగితే అది ఇంకా ప్రమాదకరం. నేలలోని నీరు, బహుశా మురుగు, లోపలికి ఊరుతున్నది. అట్టి హౌజును వెంటనే ఖాళీ చేసి, గోడల పగుళ్లను తెరిచి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటుతో లోపల గిలాబా చేయించాలి. గిలాబా బాగా క్యూరింగు అయిన తరువాత కడిగించి, ఆపైన నీరు పట్టాలి. హౌజులోకి దిగే మనిషిని ఒంటరిగా దింపకూడదు. మూత తెరిచి చాలాసేపు గాలి ఆడనివ్వాలి.

ధర్మశాస్త్ర దృష్టిలో కూడా ఇది చిన్న విషయం కాదు. మాలిన్యం చేరి రంగు గాని, రుచి గాని, వాసన గాని మారిన నీరు ఎంత ఎక్కువ ఉన్నా వుజూకు పనికిరాదన్నది పండితులందరి ఏకాభిప్రాయం. నీరు వదిలిన తొలి నిమిషాలలో మురుగు వాసన వస్తే ఆ నీటిని పట్టక, జలమండలి నంబరు 155313కు ఫిర్యాదు చేయండి. వీధిలోని పది ఇళ్లవారూ ఫిర్యాదు చేస్తే పని త్వరగా కదులుతుంది.

కప్పు

సిమెంటు స్లాబు ఉన్నవారు మొదట చేయవలసినది చీపురు పని. నీరు పోయే రంధ్రాలలో ఆకులు, ప్లాస్టిక్ సంచులు, గాలిపటాల దారాలు అడ్డుపడి ఉంటాయి. నీరు నిలిచే కప్పు ఎన్నడో ఒకనాడు కారక మానదు. పది అడుగులకు అంగుళంన్నర వాలు ఉండాలి. పిట్టగోడ సందులలో మొలిచిన రావి మొక్కను పైపైన కోస్తే అది రెట్టింపు బలంతో పెరుగుతుంది. వేరుతో సహా తీసి ఆ రంధ్రాన్ని పూడ్చాలి. పగులును కొంచెం వెడల్పు చేసి, ధూళి ఊది, పగుళ్లు నింపే ముద్దతో నింపాలి. స్లాబూ పిట్టగోడా కలిసే చోట సిమెంటుతో గుండ్రని గోలా కట్టించాలి. ఆ తరువాతనే వాటర్‌ప్రూఫ్ పూత రెండు సార్లు, మొదటిది ఆరిన తరువాత రెండవది, వేయించాలి.

గచ్చు కప్పు ఉన్న పాత ఇళ్ల సంగతి వేరు. సున్నం గాలి పీల్చే పదార్థం. లోపలి తేమను బయటకు వదులుతుంది. దానిపై సిమెంటు పొర వేస్తే తేమ లోపలే బందీ అయి దూలాలను కుళ్లజేస్తుంది. పైగా బరువు పెరుగుతుంది. మన కళ్లెదుటనే ఉన్న ఉదాహరణ మక్కా మస్జిదు. కుతుబ్‌షాహీల కాలంలో మొదలై 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయిన ఆ మస్జిదు కప్పు నుంచి నీరు దిగుతూండటంతో 2017లో మరమ్మతులు చేపట్టారు. అందుకు 8 కోట్ల రూపాయలకు పైగా మంజూరైనది. కప్పు పైనున్న పాత పొరలను తొలగించి తిరిగి సున్నపు గచ్చునే వేశారు. సున్నపు కట్టడానికి సున్నమే మందు అన్న పాఠం చిన్న ఇళ్లకు కూడా వర్తిస్తుంది. ఆ పని తెలిసిన వృద్ధ మేస్త్రీలు ఇంకా ఉన్నారు. వారిని వెతికి పట్టుకోవాలి.

గోడ ఉబ్బి బయటకు వాలినా, దూలం వంగినా, పగులు రోజురోజుకూ వెడల్పు అవుతున్నా అది సీలెంటుతో తీరే సమస్య కాదు. ఇంజనీరుకు చూపించి, ఆయన వద్దంటే ఆ గదిని ఖాళీ చేయాలి. 2020 అక్టోబరు 13 రాత్రి కుండపోత వానలో బండ్లగూడలో గోడ కూలి పలువురు మరణించారు. వానకాలానికి ముందు నగరపాలక సంస్థ శిథిల భవనాలకు నోటీసులు ఇచ్చేది ఇందుకే. ఆ కాగితాన్ని ఇల్లు లాక్కొనే కుట్రగా భావించి చింపివేయకండి.

ఖర్చు ఎవరిది?

పై అంతస్తు ఒకరిది, కింది అంతస్తు మరొకరిది అయినప్పుడు హక్కులేమిటన్న ప్రశ్న కొత్తది కాదు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి హిదాయా గ్రంథంలో ఈ చర్చ ఉన్నది. పైవాని అనుమతి లేకుండా కిందివాడు తన గోడలో మేకు కొట్టరాదని, కిటికీ తెరవరాదని ఇమాం అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. పైవానికి హాని కలగనంత వరకు చేసుకోవచ్చునని వారి ఇద్దరు శిష్యులు అన్నారు. అభిప్రాయాలు వేరైనా ఇరువురూ గమనించినది ఒక్కటే, ఒకరి స్వేచ్ఛ ఇంకొకరి కట్టడానికి చేటు కాకూడదు. దీని వెలుగులో మా సలహా ఇది. ఎవరి పైపు, ఎవరి నేల కారుతున్నదో వారే మరమ్మతు ఖర్చు భరించాలి. పాడైన కింది కప్పును కూడా వారే బాగు చేయించడం న్యాయం. ఉమ్మడి గోడకూ, ఉమ్మడి కప్పుకూ వాటాల ప్రకారం పంచుకోవాలి. స్తోమత లేని సోదరుడు ఉంటే స్తోమత గలవాడు ముందుగా పెట్టి, వాయిదాలలో తీసుకోవాలి.

పొరుగువాడు తన దూలాన్ని మీ గోడలో అమర్చుకోదలిస్తే అడ్డుకోవద్దని దైవప్రవక్త (స) బోధించారు. మన ఫిఖ్‌హ్ పండితులు దీనిని సదాచారంగా పరిగణించారు. దూలానికే చోటివ్వమన్న ధర్మం, పొరుగువాని మేస్త్రీ మన ఆవరణలో నిచ్చెన వేసుకోవడానికి అడ్డు చెప్పమంటుందా? పని ఆగిపోయేది చాలాసార్లు డబ్బు లేక కాదు, తలుపు తెరవక.

చెప్పే తీరు కూడా ముఖ్యమే. వీధిలో నిలబడి కేకలు వేసేకన్నా, తమ్ముడు మెట్లెక్కి వెళ్లి, “భాయిజాన్, మా పడక గది కప్పు తడుస్తున్నది. ఒకసారి కిందికి వచ్చి మీరే చూడండి” అంటే చాలు. చూసిన కన్ను కాదనలేదు. పైవారు కూడా “మా నీరు కాదు” అని తలుపు మూయక, ఆ రెండంగుళాల నీటి పరీక్షకు ఒప్పుకోవాలి. వదినా మరదళ్లు ఈ విషయంలో మగవారికంటే ముందుండగలరు. ఏ నీరు ఎప్పుడు కారుతున్నదో ఇంటిలో ఉండేవారికే బాగా తెలుసు.

వచ్చే శుక్రవారం జుమా నమాజు తరువాత ఒక గంట కేటాయించండి. పిల్లలను వెంటబెట్టుకొని కప్పు నుంచి హౌజు వరకు ఇల్లంతా తిరిగి, కారే చోటులను ఒక కాగితంపై రాయండి. మీ చేతితో అయ్యేవి ఆ రోజే మొదలుపెట్టండి. మేస్త్రీ చేయవలసిన వాటికి మృగశిరకు ముందే తేదీ నిర్ణయించండి. ఆ జాబితాలో పొరుగువారి గోడకు సంబంధించినది ఏదైనా ఉంటే దానిని మొదటి వరుసలో రాయండి.

అల్లాహ్ మన ఇళ్లను పదిలంగా ఉంచుగాక! మన నీటి వలన, మన నిర్లక్ష్యం వలన ఎవరి గోడా తడవకుండా కాపాడుగాక! ఆమీన్.